నిమిషంలో అంకుల్ వంతు

రెండు వీధుల అవతల ఉండే అంకుల్ మంగళవారం పోయారు. నిద్రలోనే పోయారని వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. అది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇక్కడ అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో మా ఇంట్లో శనివారం మధ్యాహ్నాలు బల్ల చుట్టూ కూర్చుని కథల ఆట ఆడతాం. కథ నడిపేది నేను. రూల్సు పుస్తకాలు చదివి నాకు నేనే నేర్చుకున్నాను. మిగతావాళ్ళు తలో పాత్ర తీసుకుని, ఇరవై ముఖాల పాచికలు వేసి రాక్షసులతో పోరాడతారు. అంకుల్ పాత్ర ఒక పడవవాడు. కొట్టే ముందు రాక్షసుణ్ణి పలకరించేవారు. "నీదేవూరు నాయనా? ఇట్లా దారులు కాస్తున్నావని మీ అమ్మకి తెలుసా?" ఆయన అడగబట్టే నా రాక్షసులకు ఊళ్ళూ పేర్లూ వచ్చాయి.

ఆడేవాళ్ళలో ఇద్దరు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, తెలుగు అంతంత మాత్రం. వాళ్ళ కోసం అంకుల్ అదంతా మళ్ళీ ఇంగ్లీషులో వెతుక్కుంటూ చెప్పేవారు.

"అంకుల్, జస్ట్ హిట్ హిమ్."

"ఉండమ్మా, పరిచయం లేనివాణ్ణి ఎట్లా కొడతాం?"

ఒక్కో పోరాటం రెండు గంటలు పట్టేది. ఆట ఎలా నడిచిందో, ఎంతసేపు పట్టిందో ఏ రోజుకారోజు నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు నాది. ఆ రెండు గంటలు రాయాలంటే చిరాకు. అందుకని ఇసుక గడియారం తెచ్చాను. ఎవరిని కొడుతున్నారో, పాచిక ఎంత పడిందో నిమిషంలో చెప్పాలి. లేదంటే వంతు పోయినట్టే.

మొదటి రోజే అంకుల్ వంతు మూడుసార్లు పోయింది. మంచినీళ్ళకని నా వెనకే వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగారు.

"నేను తెలుగులో చెప్తా, నువ్వు వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పకూడదూ?"

"అట్లా డబుల్ టైమ్ పడుతుంది అంకుల్."

"అవున్లే బాబూ. నీకూ శ్రమే."

నా శ్రమ ఆయనకు తట్టింది. ఆయనది నాకు తట్టలేదు.

మరుసటి వారం నుంచి పాచిక ముందే వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. వంతు రాగానే "లెఫ్ట్ వన్. ఫోర్టీన్" అనేవారు. అంతే. ఆ వారం పోరాటం నలభై నిమిషాల్లో ముగిసింది. "బాగా కుదిరింది" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు తెరవలేకపోతున్నాను.

ఆయన వచ్చిన చివరి శనివారం టోపీ మర్చిపోయారు. ఇద్దామని బయటికి వెళితే వాళ్ళమ్మాయి కారు ఇంకా కదల్లేదు. అద్దం సగం దించి ఉంది.

"అప్పుడు ఆ రాక్షసుణ్ణి అడిగానమ్మా, ఒరే, నీకు ఈతొచ్చా అని," అంటున్నారు అంకుల్. ఒక చేత్తో తెడ్డు వేస్తున్నారు, రెండో చేత్తో ఎదురుగా ఎవరినో ఆగమంటున్నారు. ఆమె కారు స్టార్ట్ చేయకుండా ఆయన వైపు తిరిగి కూర్చుని వింటోంది.

నేను టోపీ పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాను. ఆయన చెప్పడం ఇంకా అవలేదు.