మగ్గం గుంటలో గుడ్లు

మా చిన్నాయన తాబేళ్లను పట్టించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు.

వేలూరు బయట ఒక ట్రస్టు నడిపే చిన్న జూ ఉండేది. ఇప్పుడది లేదు. అందులో ఊడ్చే పనికి చేరి, కొన్నేళ్లకు పాములు, తాబేళ్లు ఉండే వైపు మేత వేసే పనికి మారాను. రోజు కూలీ మనిషినే. ఆడమనిషి పాముల దగ్గర పనిచేయడం అక్కడ కొత్త కాబట్టి, బడిపిల్లలు వచ్చినప్పుడు జంతువులతో పాటు నన్నూ చూపించేవారు.

మా జూలో నక్షత్ర తాబేళ్లు పదకొండు. వీపు మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకునే ఆ తాబేళ్లు మా వైపు చిట్టడవుల్లో పుట్టేవే. ఇళ్లలో పెంచితే నేరం. జూలో పిల్లల్ని చేయించి అడవికి వదలాలని ట్రస్టు వాళ్ల ఆశ. గేటు దగ్గర బోర్డు మీద కూడా అదే రాసి ఉండేది. ఆడవి గుడ్లు పెట్టేవి. జూ డాక్టరు వాటిని గాజు తలుపున్న పెట్టెలో కరెంటు వేడికి పెట్టేవాడు. నెలల తరబడి చూసి చివరికి పగలగొడితే లోపల ఎండిన పచ్చసొన. ఏటా అంతే.

గుడియాత్తంలో మా చిన్నాయన ఇంట్లో మాత్రం పిల్లలు పుడుతూనే ఉండేవి.

మా నాన్న, చిన్నాయన ఒకే ఇంట్లో రెండు మగ్గాల మీద లుంగీలు నేసేవారు. నాన్న పోయాక ఒక మగ్గం ఆగిపోయి, కాళ్లు దించుకునే గుంట ఖాళీగా మిగిలింది. చిన్నాయన అందులో ఇసుక, ఎర్రమన్ను కలిపి పోసి తాబేటి గుడ్లు పాతేవాడు. ఏ గుడ్డు ఎప్పటిదో మగ్గం గుంజ మీద సుద్దముక్కతో రాసుకునేవాడు. మాటలు తెలుగువి, అక్షరాలు తమిళానివి. తెలుగు చదవడం ఆయనకు రాదు. పెరట్లో రేకుల కింద ముప్పై ఎనిమిది తాబేళ్లు తిరిగేవి. మొదటి జతను ఒడుగత్తూరు వైపు కొండల్లో కట్టెలు కొట్టేవాళ్లు తెచ్చి ఇచ్చారట. తర్వాతవి ఎక్కడెక్కడివో ఆయనకే గుర్తు లేదు.

ఒకసారి వెళ్లినప్పుడు మా జూ సంగతి చెప్పి, మా గుడ్లు ఎందుకు పిల్లలు కావడం లేదని అడిగాను.

"ఎత్తేటప్పుడు గుడ్డు తిప్పినారా?" అన్నాడు.

"తిప్పినామో ఏమో. డాక్టరు కడిగి పెడతాడు."

చిన్నాయన పగలబడి నవ్వాడు. "కడిగితే యాడ బతుకుతాదమ్మా? పైపక్క పెన్సిలుతో గుర్తు పెట్టు. ఎట్ల పడిందో అట్లనే ఎత్తు. ఇంక చెమ్మ. నూలు తెగకుండా గుంటలో నీళ్లు చిలకరిస్తాము గదా, ఆ చెమ్మ చాలు. కొన్నాళ్లు ఎండనీ, మళ్లీ తడుపు. వాన వచ్చినాదని గుడ్డు అనుకోవాల."

నేను అలాగే చేశాను. మరుసటి వానాకాలానికి నాలుగు పిల్లలు పుట్టాయి. అణా బిళ్లకన్నా కాస్త పెద్దవి. ట్రస్టు పెద్దలు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఎలా నేర్చుకున్నావని డాక్టరు తమిళంలో అడిగితే, చూసి చూసి నాకే తట్టిందని చెప్పాను. పర్మనెంటు చేస్తామన్నారు.

ఆ సంతోషంతో పండ్లు కొనుక్కుని, చెప్పాపెట్టకుండా ఒక మధ్యాహ్నం గుడియాత్తం వెళ్లాను. నడవలో చెన్నై నుంచి వచ్చిన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కన ప్లాస్టరు చుట్ట, పిల్లల సాక్సుల కట్ట. చిన్నాయన తాబేటి పిల్లను తీసి, దాని కాళ్లూ తలా వేలితో చిప్పలోకి నొక్కి ఇచ్చేవాడు. ఆ మనిషి కదలకుండా ప్లాస్టరు చుట్టి సాక్సులో వేసేవాడు. ఒక పిల్ల చిప్ప వంకరగా ఉంది. చిన్నాయన దాన్ని గడప మీద పెట్టి ఇటుకతో ఒక్క దెబ్బ కొట్టి, పెరట్లో కోళ్లకు విసిరేశాడు. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఇవి యాడికి పోతాయి చిన్నాయనా?"

"యాడికైతే నీకేమి? కడలి దాటి పోతాయి."

"దోవలో సగం చచ్చిపోతాయి గదా."

"సగం బతుకుతాయి గదా. నేను చెప్పకముందు మీ జూలో ఎన్ని బతికినాయో చెప్పు."

చెన్నై మనిషి నవ్వాడు. నేను తెచ్చిన పండ్లు చిన్నమ్మ చేతిలో పెట్టి వచ్చేశాను. నాకు కోపం వచ్చింది ఆ ప్లాస్టరు చూసా, ఆ మాట వినా అని ఇన్నేళ్లలో చాలాసార్లు నన్ను నేనే అడిగాను. రెండోదే ఎక్కువేమో. రెండు రోజులకు డాక్టరుకు అంతా చెప్పాను.

అటవీ శాఖ వాళ్లు పొద్దున్నే వెళ్లారు. ఇల్లు చూపించడానికి నన్నూ జీపు ఎక్కించారు. చిన్నాయన అరవలేదు, తిట్టలేదు. గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. వాళ్లు తాబేళ్లను ప్లాస్టిక్ క్రేట్లలో ఒకదాని మీద ఒకటి పడేస్తుంటే మాత్రం నాతో, "తలకిందులు పెట్టొద్దని చెప్పు పాపా, ఊపిరాడదు," అన్నాడు. నేను చెప్పలేదు. మగ్గం గుంటను పారతో తవ్వారు. సగం గుడ్లు అక్కడే పగిలిపోయాయి. చిన్నాయనను జీపు ఎక్కిస్తున్నప్పుడు చిన్నమ్మ నా చెంప మీద కొట్టింది.

తాబేళ్లు కోర్టు ఆస్తి అయ్యాయి. కేసు తేలేదాకా మా జూలోనే ఉంచమన్నారు. పాత గోడౌనులో సిమెంటు నేల మీద వదిలారు. రోజూ పైపుతో కడగాలి. కిటికీ లేదు. వాటిని మావాటితో కలపకూడదన్నాడు డాక్టరు.

"ఇవి ఏ ఊరివో, ఏ దేశానివో తెలీదు. కలిసి పుట్టినవాటిని అడవిలో వదిలితే అక్కడి జాతి చెడిపోతుంది. రోగం ఉంటే మనవీ పోతాయి."

ఆయన చెప్పింది తప్పు కాదు. ఆయన చెప్పినవేవీ తప్పు కావు.

తొలి వారంలోనే ముక్కులు కారడం మొదలైంది. ఎండలో మేసే జీవాలు తడి నేల మీద ముడుచుకుని, నోరు తెరిచి ఊపిరి పీల్చేవి. పొట్టకింది చిప్ప మెత్తబడి వాసన కొట్టేది. పది అడుగుల దూరంలో ఎండ పడే వాకిలి ఉంది. గోడౌను తాళంచెవి నా నడుముకే ఉండేది. కాసేపు బయట వదులుతానని డాక్టరును ఒకసారి అడిగాను. "ఒక్కటి కనబడకపోయినా కోర్టుకు నువ్వే జవాబు చెప్పాలి," అన్నాడు. రెండోసారి అడగలేదు. కాంట్రాక్టరు పంపిన క్యాబేజీ, దోసకాయ వేసి తాళం పెట్టేదాన్ని.

ఒక్కొక్కటే చచ్చిపోయాయి. లెక్క కోర్టుకు చూపాలి కాబట్టి పూడ్చకూడదు. ఒక్కోదానికి చీటీ కట్టి, మొసళ్లకు వేసే చేపలు ఉంచే ఐసు పెట్టెలోనే పెట్టేదాన్ని.

ఒకరోజు పొద్దున వెళ్తే పెద్ద ఆడ తాబేలు సిమెంటు మీదే గుడ్లు పెట్టి ఉంది. ఐదు. తవ్వబోయి గోళ్లు అరిగి నెత్తురు కారుతున్నాయి. నేను గుడ్ల పైపక్క పెన్సిలుతో గుర్తు పెట్టి, తిప్పకుండా ఎత్తి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను.

"వీటిని పొదిగించకూడదు. ఉడకబెట్టి పారెయ్," అన్నాడు.

మేత గదిలో గిన్నె, స్టవ్వు ఉన్నాయి. ఉడకబెట్టాను.

చిన్నాయన బెయిలు మీద బయటికి వచ్చాక వేలూరు కోర్టుకు వాయిదాలకు తిరిగేవాడు. ఒక వాయిదా నాడు మధ్యాహ్నం టిక్కెట్టు కొనుక్కుని జూలోకి వచ్చాడు. చిక్కిపోయాడు. నాలుగు పిల్లలున్న దొడ్డి దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. అవి ఎండలో గడ్డి కొరుకుతున్నాయి. నేను దగ్గరికి వెళ్లాను.

"బాగుండాయి. నాలుగూ మగవే," అన్నాడు.

"ఇంత చిన్నవాటికి ఎట్ల తెలుస్తాది?"

"నేను చెప్పిన చలవలో మగవే పుడతాయి. ఆడవి కావాలంటే వేడి పెంచాల. అది నీకు చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"అన్నీ చెప్పేస్తే నువ్వు మళ్లీ గుడియాత్తం వస్తావా?"

ఆయనే మళ్లీ అడిగాడు. "మనవి యాడ?"

"లోపల. చూపించకూడదు."

"ఎన్ని ఉండాయి?"

"పందొమ్మిది."

దొడ్డి చువ్వను గట్టిగా పట్టుకున్నాడు. "పెద్దది కడుపుతో ఉన్నింది. పెట్టినాదా?"

"పెట్టినాది. ఐదు."

"పాతినారా?"

"ఉడకబెట్టినాము."

"ఎవరు?"

"నేనే."

"నీళ్లు మసిలినాక వేసినావా, సన్నీళ్లలో పెట్టి కాంచినావా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. "సన్నీళ్లలో పెట్టి," అన్నాను.

తల ఊపాడు. "నేను ఇటుకతో కొడితే చూడలేక పారిపోతివి," అని, గేటు వైపు నడిచాడు. వెనక్కి తిరగలేదు.

తర్వాత చిన్నాయన కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. జైల్లో ఉన్న రోజులు చాలనీ, మిగిలిన తాబేళ్లను ఆరోగ్యం చూసి అడవిలో వదలమనీ తీర్పు వచ్చింది. అప్పటికి మిగిలినవి ఏడు. వాటిలో ఏదీ అడవికి పనికిరాదని తేల్చి వేరే జూకి పంపారు. చెన్నై మనిషిని ఎవరూ పట్టుకోలేదు. కొన్నాళ్లకు ట్రస్టు జూ మూసేసింది. నా పర్మనెంటు ఉత్తర్వు రాలేదు. ఇప్పుడు చెప్పుల కంపెనీలో అట్టపెట్టెలు మడుస్తున్నాను.

తాబేటి పిల్లల్ని అలా సాక్సుల్లో పోనిస్తూ ఉండాల్సిందని నేను ఇప్పటికీ అనుకోను. కానీ అలా దాటిపోయేవాటిలో సగమైనా బతికేవి. నా తాళం కింద అది కూడా జరగలేదు.

కంపెనీలో చేరాక ఒక ఆదివారం గుడియాత్తం వెళ్లాను. చిన్నాయన పవర్‌లూమ్ షెడ్డుకు కూలికి పోయి ఉన్నాడు. చిన్నమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టి, "ఏం కావాల?" అంది.

"ఏడు బతికే ఉండాయి చిన్నమ్మా. వేరే జూలో. ఆయనకు చెప్పిపోదామని వచ్చినా."

చిన్నమ్మ వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "చెప్పొద్దు. అన్నీ చచ్చిపోయినాయని చెప్పినాను. దినామూ ఎన్ని ఉండాయో, ఏం తింటా ఉండాయో అని పిచ్చోని మాదిరి అడుగుతుండె. ఇప్పుడే నిద్ర పడతా ఉండాది ఆయనకు. ఆయన వచ్చేలోగా పో."

షెడ్డు వదిలే వేళ అవుతోంది. బస్టాండుకు నడిచి, లత్తేరి మీదుగా వేలూరు పోయే బస్సు ఎక్కాను.