నీళ్లు చొరని బ్యాగు

బెంగళూరు నుంచి విజయవాడకు బైక్ మీద వస్తున్నాను. పెనుకొండ దాటాక ఎండలోనే వాన మొదలైతే టీకొట్టు దగ్గర ఆగాను. వెనకే మోపెడ్ మీద వచ్చిన ఒకాయన తన రెయిన్‌కోటును ఏదో మూటకు చుట్టి, తాను మాత్రం తడిసి ముద్దయ్యాడు. వచ్చీరాగానే నా బ్యాగును నొక్కి నొక్కి చూశాడు.

"దీంట్లేకి నీళ్లు పోవా అప్పా?"

"పోవు," అన్నాను, బండి తాళం జేబులో వేసుకుంటూ. ఎండకూ వానకూ తట్టుకుంటుందని ఏరికోరి కొన్న బ్యాగు అది.

"అట్లయితే ఈ మూట పెట్టుకో. ధర్మవరం దాకా నీ వెనకాలే వస్తా."

ఇలాంటి మూటల కథలు చాలా విన్నాను. విప్పి చూపించమన్నాను. లోపల పట్టుచీర.

"పొద్దున్నే మగ్గం నుంచి కోసినాము. పెండ్లోళ్లు అంగట్లో కాచుకోనుండారు. నేను తడిస్తే ఆరతా, ఇది తడిస్తే పనికిరాదు."

మూటను బ్యాగులో పెట్టుకున్నాను. ఆయన నా పేరు కూడా అడగలేదు. దాంతో కొత్త అనుమానం పట్టుకుంది: కాస్త వేగంగా పోతే నన్ను దొంగ అనుకోడా? అద్దంలో మోపెడ్ కనబడనప్పుడల్లా ఆగాను.

ధర్మవరంలో చీర అందుకుని, తడిమి చూసుకుని, జాలిగా అడిగాడు.

"అన్ని తూర్లు నిలబెడితివి. బండి చెడిపోయిందా అప్పా?"