జలపాతం దారిలో మా అమ్మ

మా ఊరు దాటితే గానీ జలపాతం రాదు. పెదబయలు దాకా జీపు, అక్కణ్ణించి నడక. ఒకప్పుడు ఆ దారిన సంతకు పోయేవాళ్ళు తప్ప ఎవరూ తిరిగేవారు కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు విశాఖపట్నం నుంచీ, హైదరాబాదు నుంచీ కుర్రకారు రావడం మొదలైంది. చేతిలో కంప్యూటర్లోంచి తీసిన కాగితం. జలపాతం కన్నా ముందు మా అమ్మ ఎక్కడుంటుందని అడిగేవారు.

మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళలాగే అమ్మ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. ఎవరో పుణ్యాత్ముడు ఆ ఫోటో తీసి తన బ్లాగులో పెట్టాడు. నేను బడిలో పంతులమ్మను, ఇంగ్లీషు చదవడం వచ్చు. ఒకరి చేతిలో కాగితం లాక్కుని చదివాను. జీపు ఎక్కడ దొరుకుతుంది, ఏ నెలలో నీళ్ళు బాగుంటాయి, అన్నీ రాశాడు మహానుభావుడు. ఆ కిందే, చర్చి పక్కింటి అరుగు మీద ఒక ముసలమ్మ ఉంటుందనీ, చుట్టల కట్ట పట్టుకెళ్తే నిప్పు మింగి చూపిస్తుందనీ, చూడకుండా రావద్దనీ రాశాడు. నాకు కడుపు మండిపోయింది. మా అమ్మేమైనా గారడీ మనిషా?

అమ్మకు మాత్రం కోపమే రాలేదు. గుమ్మం ముందుకొచ్చిన మనిషి అడిగితే లేదనకూడదు, అంతే ఆవిడకు తెలిసింది. నేను అరిస్తే, "ఏటే గుంటా, అంత దూరం నడిసొచ్చినోల్లని ఉత్తినే ఎలా పంపుతాం?" అంది.

తర్వాత అంగిట్లో పుండు పడింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు ఇక చుట్ట ముట్టుకోవద్దన్నాడు. మానేసింది కూడా. కానీ సెలవురోజు వచ్చిందంటే అరుగు ముందు కెమెరాలు, చుట్టల కట్టలు, ఫోటో బాగా రావాలని ఎండలో కూర్చోమనడాలు. నేనుంటే తరిమేసేదాన్ని. నేను లేనప్పుడు ఆవిడ వెలిగించేది.

పాడేరు నెట్ సెంటర్లో కూర్చుని ఆ బ్లాగు కింద రాశాను, ఈమె మా అమ్మ, జబ్బు మనిషి, దయచేసి ఫోటో తీసేయండి అని. తర్వాత వెళ్ళి చూస్తే జవాబు లేదు. నా మాటల కిందే ఎవరో, ఆదివారాలు కూడా ఆవిడ ఉంటుందా అని అడిగారు. ఉంటుందని ఇంకెవరో చెప్పారు. అందరూ చూస్తుండగా ఆ కుర్చీలోనే ఏడ్చాను. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో కూడా తెలియకపోతే మనిషి ఏం చేస్తుంది?

చివరికి అమ్మ గంజి కూడా మింగలేకపోయింది. రోజూ నోరు కడిగి, చీము తుడిచింది మా పిన్ని, అమ్మ చెల్లెలు. ఆవిడది పక్క గుమ్మమే. అమ్మ నోరు లోపల ఎలా అయిపోయిందో ఆవిడ చూసినంత దగ్గరగా డాక్టరు కూడా చూసి ఉండడు.

అమ్మ కన్నుమూసిన ఏడు, వానలు తగ్గాక మళ్ళీ ఒక జట్టు వచ్చింది, అదే కాగితంతో. ఆవిడ చనిపోయిందని చెప్పాను. పాపం, నిజంగానే బాధపడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. మంచినీళ్ళిచ్చాను. చెంబు తిరిగిస్తూ ఆ అమ్మాయే, ఎంతో మర్యాదగా, "ఊళ్ళో అలా కాల్చేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అండీ?" అంది.

నేను చెంబు అందుకున్నాను. ఈలోగా పక్క గుమ్మంలోంచి పిన్ని కొంగు సర్దుకుంటూ వచ్చింది. వద్దు పిన్నీ అని అడ్డం వెళ్ళాను. నన్ను మెల్లగా పక్కకు జరిపి, వాళ్ళ కట్టలోంచి ఒక చుట్ట తీసుకుంది.

"ఏటి, ఎండలో కూకోవాలా?" అని వాళ్ళనడిగింది.