పాచి ఉన్నంతకాలం భయం లేదు

మంగళవారం ఉదయం ఆరున్నరకు మా జువాలజీ సార్ చనిపోయారు. తిరుచానూరులో మాకు పక్కిల్లే. గుండెపోటు. ఆ సమయానికి ఆయన ముందుగదిలోని ఉప్పునీటి తొట్టికి మంచినీళ్ళు కలుపుతున్నారు. ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఉప్పు కాదు కాబట్టి రోజూ చెంబెడు మంచినీళ్ళు పోయాలి. ఆ రోజు సగం చెంబే పోశారు. శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, మిగతా సగం నేను పోశాను.

తొట్టిలో రాళ్ళను పట్టుకుని ఉండే మెత్తటి పగడపు జీవులు, రెండు చిన్న చేపలు, ఒక సీ అర్చిన్ ఉన్నాయి. అర్చిన్ అంటే నిమ్మకాయంత ఉండ, ఒళ్ళంతా ముళ్ళు. రాళ్ళ మీది పాచి తినడమే దాని పని. రాతి పగడాలను పెంచడానికి చట్టం ఒప్పదని సార్ వాటి జోలికి పోలేదు. మే నెలలో కరెంటు పోతే, తొట్టి వేడెక్కకుండా ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు తెచ్చి అందులో వేసేవారు. మా ఫ్రిజ్‌లోనూ రెండు సీసాలు ఆయనవే. ఇంకా ఉన్నాయి.

ఆ తొట్టి గురించి ఒకసారి నేను పనిచేసే పేపర్లో రాశాను. పగడాల మధ్య అర్చిన్‌ను వదలొచ్చా అని అప్పుడు సార్‌ను అడిగాను.

"పాచి ఉన్నంతకాలం భయం లేదప్పా. పాచి అయిపోతే ఎండబెట్టిన సముద్రపు పాచి మనమే పెట్టాల. ఆకలేస్తే దాన్ని నమ్మేదానికి లేదు. పగడాల్ని రాళ్ళకు గట్టిగా అతికించుకోవాల, లేకపోతే తోసుకుంటా పోతాది."

చోటు చాలక చాలావరకు కోసేశాను. 'భయం లేదు' అన్న రెండు మాటలే అచ్చయ్యాయి.

నెల తిరక్కముందే నగరి నుంచి ఒక మరమగ్గాల యజమాని సార్‌కు ఫోన్ చేశాడు. పేపరు చూసి తన తొట్టిలోనూ అర్చిన్‌ను తెచ్చి వదిలాడట, పగడాలన్నీ కింద పడ్డాయట. సార్ నన్ను ఒక్క మాట అనలేదు. "రేపు నగరికి పోదాం రాప్పా," అన్నారు.

గుమ్మంలోనే ఆ యజమాని అందుకున్నాడు. "ఏం సార్, భయం లేదంటిరే! మీ మాట నమ్మి వదిలితే నా తొట్టిని దున్నేసినాది సూడండి."

"చెప్పింది నేను, సగమే రాసింది ఈయన. ఇద్దరమూ వచ్చినాము. ఎవర్ని తిడతావో తిట్టు," అన్నారు సార్.

"తిట్లు తినేదానికి బస్సెక్కి వచ్చినారా?" అని ఆయన నవ్వేశాడు.

తొట్టిలో అర్చిన్ ఒక పగడపు ముక్కను నెత్తిన పెట్టుకుని, పూలబుట్టతో వీధిలోకి వచ్చిన మనిషిలా తాపీగా పోతోంది.

"అది దొంగ కాదప్పా. ఒళ్ళు దాచుకునేదానికి ఏది దొరికితే అది నెత్తిన పెట్టుకుంటాది. తినలేదు సూడు, ముక్క బతికే ఉండాది," అంటూ సార్ చొక్కా చేతులు మడిచారు. మధ్యాహ్నం దాకా ముక్కలన్నీ జిగురుతో అతికించారు.

తిరిగొచ్చే బస్సులో సార్ నాతో అన్నారు. "చోటు లేకపోతే నా పేరు కొయ్యప్పా. 'ఉన్నంతకాలం' అన్న మాట కొయ్యొద్దు."

మరుసటి వారం మిగతా మాటలు కూడా వేశాం. ఆ తర్వాత ఎవరి మాటలోనూ షరతు కోయలేదు.

ఇప్పుడు తొట్టి ఎవరు చూసుకోవాలన్నది ప్రశ్న. దినాలయ్యేదాకా ఆగితే బాగుండేది గానీ, పగడాలు ఆగవు. "నీళ్ళు పోసేది నేర్చుకుంటాను గానీ, చల్లగా పెట్టేది నా వల్ల కాదు నాయనా. ఆయన పోయినాక ఇవి కూడా పోతే నేను సూడలేను," అన్నారు సార్ భార్య.

నగరి ఆయనకు ఫోన్ చేసి, సార్ సంగతి చెప్పి, తొట్టిలోవన్నీ తీసుకుంటారా అని అడిగాను. ఆయన ఒకటే అడిగాడు. "తొట్టిలో పాచి ఎంత ఉండాదన్నా?"

ఆదివారం ఉదయం తొమ్మిదికి ఆయన అద్దె వ్యాన్ తీసుకుని వస్తాడు. ముందు నీళ్ళు డ్రముల్లోకి పట్టాలి, తర్వాత పగడాలున్న రాళ్ళు, తర్వాత చేపలు. అర్చిన్ చివర. రాతిని పట్టుకుని ఉన్నప్పుడు లాగితే దాని కాళ్ళు తెగిపోతాయి, దానంతట అది వదిలేదాకా ఆగాలి. అందుకని వ్యాన్‌ను సాయంత్రం దాకా మాట్లాడాం.