నాయనమ్మ ఒప్పుకోని చావు

మా నాన్నకు ఎనభై నాలుగేళ్లు. మొన్నమొన్నటిదాకా తన తండ్రికి నువ్వులు నీళ్లు వదల్లేదు. తండ్రి బతికుండగా కొడుకు ఆ పని చేయకూడదు. మా తాతయ్య పోయాడని ఎవరు చెప్పారన్నది నాయనమ్మ వాదన.

తాతయ్య తెల్లవాళ్ల పటాలంలో సిపాయి. నాన్న కడుపులో ఉండగానే ఆయన్ని సింగపూర్ పంపారు. యుద్ధంలో సింగపూర్ జపాన్ వాళ్ల చేతికి చిక్కింది. సర్కారు జాడ తెలియలేదంది తప్ప, పోయాడనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని నాయనమ్మ ముత్తైదువగా బతికింది, నుదుట బొట్టుతోనే కాటికి వెళ్లింది. చాటుగా నవ్వినవాళ్లు ఊళ్లో ఉన్నారు కానీ, ఆమె ఎదుట నవ్వే మొనగాడు మాత్రం పుట్టలేదు.

ఈ ఏప్రిల్లో నాన్న విదేశంలో, హెండర్సన్‌లో ఉన్న మా ఇంటికి వచ్చాడు. యుద్ధాల్లో పోయినవాళ్లను ఇక్కడ ఆన్జాక్ రోజున తలుచుకుంటారని చెబితే, తనూ వస్తానన్నాడు. తెల్లవారుజామున చలిలో స్మారకం దగ్గర నిలబడ్డాం. మాజీ సైనికుడొకాయన సింగపూర్ గురించే మాట్లాడాడు. నేను నాన్న చెవిలో తెలుగులో చెబుతూ పోయాను. ఆ కోట ఎవరికీ లొంగదని దొరలు గొప్పలు చెప్పుకున్నారు. కళ్లన్నీ సముద్రం మీదే పెట్టారు. జపాన్ వాళ్లేమో వెనకనుంచి, అడవుల్లోంచి, సైకిళ్ల మీద దిగారు. దొరలు తెల్లజెండా ఎత్తేశారు. చెబుతుంటేనే నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల గొప్పలకు మా నాయనమ్మ జీవితమంతా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

మా పక్కనే ఉన్న ముసలావిడ ఎర్ర కాగితం పువ్వొకటి స్మారకం దగ్గర పెట్టింది. వాళ్ల నాన్న కూడా అక్కడే పోయాడట, శవం దొరకలేదట. ఆ మాట చెబితే నాన్న ఆమెనే చూస్తూ, "మరి వాళ్లమ్మ ఒప్పుకుందా?" అన్నాడు.

కారెక్కాక, "ఇంట్లో నల్ల నువ్వులున్నాయా అమ్మా?" అని అడిగాడు.

ఇంటికెళ్లి నువ్వులు తీసుకుని సముద్రం దగ్గరికి వెళ్లాం. నాన్న దక్షిణానికి తిరిగి, నువ్వులూ నీళ్లూ దోసిట్లో పట్టుకుని, వదలకుండా అలాగే నిలబడిపోయాడు.

"ఇన్నేళ్లూ ఆయన దాహంతో అల్లాడుతున్నాడేమోనే."

"అయితే వదిలెయ్ నాన్నా."

"వదిలితే? పుణ్యస్త్రీగా పోయిన మా అమ్మని నా చేత్తో విధవని చేసినట్టు కాదూ?"

"ఎప్పుడో పోయినావిడకి ఇప్పుడు బొట్టేంటి, గాజులేంటి? నీ చాదస్తం నువ్వూనూ!" అని కసిరాను. అన్నాక నాకే ఏడుపొచ్చింది. ఆ బొట్టు కాపాడటమే ఆయన జీవితమంతా చేసిన పని.

నాన్న నావైపు చూడలేదు. "అమ్మా, కోప్పడకు," అన్నాడు మెల్లగా, నాతో కాదు, వాళ్లమ్మతో. తర్వాత నీళ్ల మీదికి వంగి, "నాన్నా," అని పిలిచి దోసిలి వదిలాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన తన తండ్రిని పిలవడం అదే మొదటిసారి. అదీ సాగనంపడానికి.