మసాయి మారాలో రమణమ్మ వీడ్కోలు

కోవిడ్ తగ్గాక వచ్చిన మొదటి బక్రీద్ సెలవులకు, మస్కట్‌లో రూవి పేటలోని మా ట్రావెల్స్ కంపెనీ నన్ను కెన్యా సఫారీకి టూర్ మేనేజరుగా వేసింది. టూర్ మేనేజరంటే జెండా పట్టుకుని ముందు నడిచేవాడని చాలామంది అనుకుంటారు. అసలు పని కాగితాల దగ్గరే. పాస్‌పోర్టు, రెసిడెంట్ కార్డు, ఎల్లో ఫీవర్ టీకా కార్డు అన్నీ సరిచూశాకే మనిషిని విమానం ఎక్కించాలి.

అదే ఊళ్లో అజైబా వైపు ఉండే కాకినాడ ఇంజనీరుగారి కుటుంబం దగ్గర చిక్కొచ్చింది. వాళ్లింట్లో పాపను పుట్టినప్పటి నుంచి పెంచిన కడప రమణమ్మ పని మానేసి ఊరికి వెళ్లిపోతోంది. పోయేముందు సింహాన్ని చూపిద్దామని వెంట తీసుకెళ్తున్నారు. తిరిగొచ్చాక ఆమె ఊరి ప్రయాణం ఆలస్యం కాకూడదని ఇంజనీరుగారు ఆమె వీసాను ముందే క్యాన్సిల్ చేయించారు. అతి జాగ్రత్త కొంప ముంచింది. క్యాన్సిలైన వీసాతో ఒమన్ దాటితే మళ్లీ లోపలికి రాలేరు. అందుకని నైరోబీ నుంచే ఆమెకు ఇండియా టికెట్టు వేశాను. తాళ్లతో బిగించిన ఆమె గల్ఫ్ అట్టపెట్టె కూడా మాతో సింహాల అడవికి వచ్చింది!

రమణమ్మను అవ్వా అని పిలిచే ఏడేళ్ల పాపకు ఈ సంగతి చెప్పలేదు. పిల్లలు నిద్రలో ఉండగా ఆయాలను పంపేయడం మస్కట్‌లో నేను చూసిన ఇళ్లలో మామూలే. ఎయిర్‌పోర్టులో 'అవ్వ వెనక విమానంలో వస్తుంది' అందామని తల్లి చెప్పింది. రమణమ్మ ఒప్పుకోలేదు.

"అబద్దం చెప్పి పోతే ఆ బిడ్డ నాకోసరం ఎదురుచూస్తాదమ్మా. నేనే చెప్తా."

జీపులో గట్టిగా మాట్లాడకూడదన్నది సఫారీ నియమం. మసాయి మారాలో ఏనుగుల గుంపు దారి దాటుతుంటే డ్రైవరు ఇంజను ఆపాడు. ఒక గున్న వెనకబడింది.

"ఓయమ్మా, చిన్నదాన్ని ఇడిసిపెట్టి పోతాండాయే!" అని రమణమ్మ అరిచేసింది. డ్రైవరు పెదవి మీద వేలు పెట్టాడు. తల్లి ఏనుగు ఆగి, గున్నను కలుపుకుని వెళ్లింది. అవి కనుమరుగయ్యాక రమణమ్మ పాపను ఒళ్లోకి లాక్కుని, తాను ఇటునుంచి ఇటే ఊరికి పోతున్నానని, మస్కట్‌కు ఇక రానని చెప్పేసింది.

పాప ఆ రోజంతా ఏడ్చింది. సింహం కనిపించినా తలెత్తలేదు. మర్నాడు ఉదయం మాత్రం అవ్వ కొంగు పట్టుకుని జిరాఫీలకు పేర్లు పెట్టింది. ఎన్నో టూర్లు చేశాను గానీ, తలచుకున్నప్పుడల్లా ఆ ఉదయానికే వెళ్లిపోవాలనిపిస్తుంది.

నైరోబీలో మా విమానం ముందు, రమణమ్మది తర్వాత. మేమంతా లోపలికి వెళ్తుంటే ఆమె ఒక్కతే గాజు తలుపు అవతల నిలబడి చెయ్యి ఊపింది. పాప ఏడవకుండా తానూ ఊపింది. ఏడ్చింది తల్లి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. దారిలో విడిపోయేవాళ్లుంటే, వెళ్లిపోయే మనిషి విమానమే ముందు ఉండేలా టికెట్లు వేసేవాణ్ణి. సాగనంపడం మిగిలినవాళ్ల పని.