బాలుకు నేనిచ్చిన గోలీలు

పన్నెండేళ్లు దాటింది ఈ అబద్ధాన్ని మోయబట్టి. మోశానంటే ఏదో కష్టపడ్డట్టుంటుంది. హాయిగానే తిన్నాను, పెళ్లి చేసుకున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. చొక్కా విప్పి అద్దం ముందు నిలబడ్డప్పుడు మాత్రం బరువు తెలిసేది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక. జాలిపడమని అడగను. నా పేరు రాయను. బాలు అన్నది కూడా వాడి అసలు పేరు కాదు.

మాది చిట్యాల దగ్గర పల్లె. బాలుది పెద్దవంగర పక్క తండా. ఇద్దరం స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒకే గదిలో అద్దెకుండి, పొద్దున ప్యాసింజర్ రైలెక్కి వరంగల్ పోయి డిగ్రీ చదివేవాళ్లం. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. కాలేజీ నడిచిన రోజుల కంటే బందయిన రోజులే ఎక్కువ.

సరిగ్గా అప్పుడే సినిమా హీరోలందరూ చొక్కాలు విప్పడం మొదలుపెట్టారు. పొట్ట మీద ఆరు పలకలు. ఆ ఒక్క సీను కోసం థియేటర్లో కాగితాలు చించి ఎగరేసేవాళ్లం. బయటికొచ్చాక నేను చొక్కా కింద చెయ్యి పెట్టి నా పొట్ట తడుముకునేవాణ్ని. మెత్తగా తగిలేది. సిగ్గేసేది. ఎవరిని చూసి సిగ్గు? ఎవరూ నన్ను చూడటం లేదు కదా. అయినా స్నానం చేసేటప్పుడు కూడా కిందికి చూసుకునేవాణ్ని కాదు.

అవే సినిమాల్లో మా తెలంగాణ మాటను రౌడీకో, నవ్వించేవాడికో అంటగట్టేవాళ్లు. హీరో ఒక్కనాడూ మాలాగా మాట్లాడలేదు. పొద్దున ఉద్యమ దీక్షా శిబిరంలో కూర్చుని ఆ సినిమాలను తిట్టేవాణ్ని. సాయంత్రం ఆ హీరో నడుము కోసమే హన్మకొండ జిమ్‌లో చెమటోడ్చేవాణ్ని. తెలివి ఎటు పోయింది? నన్ను నేను చాలాసార్లు అడిగాను. అలాగని, ఇది చదివి "సినిమాలు చెడగొట్టినయ్, పాపం" అనకండి. చెడగొట్టిన మాట నిజమే. గోలీలు ఇచ్చిన చెయ్యి మాత్రం నాది.

బాలు జిమ్ ముఖం చూడలేదు. సెలవు దొరికితే తండాకు పోయి మిర్చి చేనుకు నీళ్లు పెట్టేవాడు, బస్తాలు మోసేవాడు. ఒళ్లు చెక్కినట్టుండేది. ఆ సంగతి వాడికే తెలియదు. ఒకసారి ఘన్‌పూర్‌లో ఉద్యమం తరఫున అర్ధనగ్న ప్రదర్శన పెట్టారు. అందరం చొక్కాలు విప్పి బస్టాండు నుంచి ఊరేగింపుగా నడిచాం. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నడిమధ్యన బాలు, పిడికిలెత్తి. నేను వాడి పక్కనే నడిచాను. ఫొటోలో నా మోచెయ్యి ఒక్కటే పడింది.

చాయ్ హోటల్లో "ఏందిరా బాలూ, సినిమా హీరో లెక్కున్నవ్" అని వాడి భుజం తట్టారు. వాడు సిగ్గుపడి నవ్వాడు. రెండేళ్లుగా అన్నం తగ్గించి, ఉడకబెట్టిన గుడ్లు మింగి, అద్దం ముందు ఊపిరి బిగబట్టినవాణ్ని నేను పక్కనే కూర్చున్నాను. నన్నెవరూ చూడలేదు.

వారం తిరక్కుండానే ఇంకో ప్రదర్శన అన్నారు. జిమ్‌కు వచ్చే ఒకతను నాకు గోలీలు, అదే మందు బిళ్లలు, ఇచ్చాడు. ఒంట్లో నీరు లాగేస్తాయట. ఒకటి మింగి నీళ్లు తాగకుండా ఉంటే కండ తేలుతుందన్నాడు. "జర చూసుకొని వాడు, కొందరికి పడవు" అని కూడా అన్నాడు. ఆ మాటకు నాకు భయం పట్టుకుంది. భయపడి ఏం చేశాను? ముందు బాలు మీద చూద్దామనుకున్నాను.

అసలు సంగతి ఇదే. వాడికి మేలు చేయబోయానని, నాకూ తెలియక చేశానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. వాడికేం కాకపోతే నేనూ మింగేవాణ్ని. వాడికేమన్నా అయితే ఫొటోలో నడిమధ్య చోటు ఖాళీ అవుతుంది. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకున్నానా? అనుకోలేదని ప్రమాణం చేయలేను. ఒకటి చాలన్న చోట మూడు ఇచ్చాను.

ప్రదర్శనకు ముందురోజంతా బాలు శిబిరంలో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ప్రదర్శన పొద్దున "ఎండకు దమ్ము ఆగుతది, మింగు. నీళ్లు తాగకు, కడుపుల తిప్పుతది" అని చెప్పాను. నా మాట నమ్మి మింగాడు. రెండు గంటలు ఎండలో నడిచాక రైల్వే గేటు దగ్గర కూలిపోయాడు. ఆటోలో వేసుకుని వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ డాక్టరు నన్నే అడిగాడు, ఏమన్నా మందులు మింగాడా అని. వెనుక శిబిరం పెద్దలున్నారు, పేపరాయన ఉన్నాడు.

"లేదు సార్, దీక్ష చేసిండు" అన్నాను.

కిడ్నీలు దెబ్బతిన్నాయి. ప్రాణం దక్కింది. పదిరోజుల తర్వాత వార్డులో, చూడటానికి వచ్చిన నలుగురు దోస్తుల ముందే బాలు నన్ను అడిగాడు.

"అరేయ్, గా గోలీలు ఏంటియిరా?"

"బలం గోలీలే రా. అందరం మింగినం. మాకేం గాలే. నీ ఒంట్లనే దమ్ము లేకుండె."

నలుగురూ నవ్వారు. హీరో పడిపోయిండని ఒకడన్నాడు. బాలు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

వాడు కానిస్టేబుల్ కావాలనుకున్నవాడు. నోటిఫికేషన్ వస్తే అప్లై కూడా చేయలేదు. నా ఒళ్లు గట్టిది కాదురా అన్నాడు. నేను తలూపాను. పెద్దవంగరలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఎంత ఎండలోనైనా చొక్కా విప్పడు. రాష్ట్రం వచ్చాక ఉద్యమకారుడని పిలిచి శాలువా కప్పారు. ఆ సభలో నేను చప్పట్లు కొట్టాను. శాలువాకు వాడు అన్ని విధాలా అర్హుడు. దీక్ష చేశాడు, నడిచాడు, పడ్డాడు. అందులో అబద్ధం ఉన్నది నా వల్లే.

మొన్న ఎండాకాలం వాడి దుకాణానికి పోయి మొత్తం చెప్పేశాను. వాడు చేతిలోని ఫోను విప్పడం ఆపలేదు. చివరికి తలెత్తాడు.

"డాక్టర్ అడిగిండా?"

"అడిగిండు."

"లేదన్నవ్."

"అన్న."

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "గప్పుడు వార్డుల నలుగురున్నరు. నవ్విండ్రు. నాకొక్కనికి చెప్తె ఏమైతది? గా నలుగురికి చెప్పు. ఇగ పో" అన్నాడు.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. వాడి ముఖం చూసి మూసుకున్నాను. అడిగే హక్కు నాకెక్కడిది?

ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను. ఒకడు తిట్టి పెట్టేశాడు. ఒకడు ఏడ్చాడు. ఇంకొకడు "ఇప్పుడెందుకురా గవన్ని, తెలిసీ తెలియని వయసు" అన్నాడు. తెలిసిన వయసే అని అరిచాను వాడి మీద. నన్ను చిన్నవాణ్ని చేసి తప్పించాలని చూడకండి, ఎవరూ. మూడు గోలీలు లెక్కపెట్టి ఇవ్వగలిగినవాడికి అన్నీ తెలుసు.

నాలుగోవాడు ఎక్కడున్నాడో తెలియడం లేదు. దుబాయి అన్నారు, కాదు పుణె అన్నారు. నంబరు ఎవరి దగ్గరా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు కిటికీ పక్కన నిలబడి నవ్వింది నువ్వైతే, విను. బాలు ఒంట్లో ఏ లోపమూ లేదు. మనందరికంటే గట్టివాడు. ఆ గోలీలు మనమెవ్వరం మింగలేదు, వాడొక్కడే మింగాడు. ఇచ్చింది నేను.

బాలు దగ్గర్నుంచి ఇంతవరకు ఫోన్ రాలేదు. రాకపోవచ్చు. చెప్పమన్నాడు, చెప్పాను. చాలా ఏళ్ల తర్వాత నా ఊపిరి పొట్ట దాకా దిగుతోంది.